ఊళ్లో పెద్దవాళ్ల జబ్బుల లెక్క: అడిగితే దొరకదు, కొలిస్తేనే దొరుకుతుంది

శ్రీకాకుళం, విజయనగరం జిల్లాల్లో ఏ ఊరికైనా వెళ్లి అరవై దాటినవాళ్లను "బీపీ ఉందా, సుగర్ ఉందా" అని అడిగి రాసుకుంటే వచ్చేది తప్పుడు లెక్క. శ్లాబు ఇంట్లో పెద్దాయన రెండు జబ్బులూ ఉన్నాయని మాత్రల పేర్లతో సహా చెబుతాడు. వీధి చివర రేకుల ఇంట్లో మామ్మ "నాకే జబ్బూ నేదు బావూ, మోకాళ్ల నొప్పులే" అంటుంది. కాగితం చూస్తే జబ్బులన్నీ కలిగినవాళ్లకే ఉన్నట్టు, కూలికి పోయేవాళ్లు గట్టిగా ఉన్నట్టు కనిపిస్తుంది. అసలు సంగతి ఏమిటంటే, ఆ మామ్మ చేతికి ఎవరూ బీపీ పట్టీ చుట్టలేదు.

ప్రపంచ ఆరోగ్య సంస్థ భారత్, చైనా, ఘనా, మెక్సికో, రష్యా, దక్షిణాఫ్రికాల్లో పెద్ద వయసువాళ్ల మీద చేసిన సర్వేలో మన దేశపు సమాచారాన్ని విడిగా పరిశీలించినప్పుడు ఇదే బయటపడింది. "డాక్టరు మీకు ఫలానా జబ్బు ఉందన్నాడా" అని అడిగితే గుండెనొప్పి కలిగినవాళ్లలో ఎక్కువ. మెట్లు ఎక్కితే ఛాతీ పట్టేస్తుందా, ఆగితే తగ్గుతుందా అని లక్షణాలు అడిగితే పేదవాళ్లలో ఎక్కువ. అందుకే ఊళ్లో పెద్దవాళ్ల ఆరోగ్యం గురించి ఏ పని మొదలుపెట్టినా కొలవడంతోనే మొదలుపెట్టాలి. ఆశా కార్యకర్త, డ్వాక్రా సంఘం వాళ్లు, చదువుకున్న పిల్లలు ఇద్దరు ముగ్గురు కలిస్తే చిన్న ఊళ్లో ఈ పని చేయొచ్చు. ఎలాగో కింద ఉంది.

జాబితాలో ఎవరు తప్పిపోతారు

పెన్షన్ జాబితా తీసుకుని అదే పెద్దవాళ్ల జాబితా అనుకోవద్దు. పెన్షన్ రానివాళ్లే చాలాసార్లు ఎక్కువ ఇబ్బందిలో ఉంటారు: ఆధార్‌లో వయసు తక్కువ పడినవాళ్లు, కూతురి ఇంటికి వచ్చి ఉంటున్నవాళ్లు, కొబ్బరితోటలో గుడిసె వేసుకుని కాపలా ఉన్నవాళ్లు. ఓటరు జాబితాలో అరవై దాటిన పేర్లు, ఆశా కార్యకర్త ఇంటింటి రిజిస్టరు, పెన్షన్ జాబితా మూడూ పక్కపక్కన పెట్టి కలపండి. ఆ తర్వాత ఊరి అంచులు, శివారు గుడిసెలు ఒకసారి కాళ్లతో తిరగండి. వెయ్యి మంది ఉన్న ఊళ్లో వంద పేర్లకు తక్కువ వచ్చాయంటే ఎవరినో వదిలేశారని అనుమానించాలి. పిల్లలు విశాఖకో చెన్నైకో హైదరాబాదుకో వలస పోయిన ఊళ్లయితే ఇంకా ఎక్కువ ఉంటారు.

వెళ్లే వేళ కూడా ముఖ్యం. పొద్దున్న పది గంటలకు వెళ్తే ఇంట్లో దొరికేది పనికి పోనక్కర్లేని పెద్దవాళ్లే. ఉపాధి పనికి, జీడిపిక్కల కొట్టుడుకి, నాట్లకు పోయేవాళ్లు దొరకరు. సాయంత్రం ఐదు తర్వాత వెళ్లండి. అంతకన్నా మంచిది ఒకటో తేదీ పొద్దున్న. పెన్షన్ ఇంటికే తెచ్చి ఇస్తారు కాబట్టి ఆ రోజు ఏ పెద్దమనిషీ గడప దాటరు. పెన్షన్ ఇచ్చే సచివాలయం ఉద్యోగి వెనకాలే బీపీ మిషను నడవాలి.

ప్రతి పేరు పక్కన ఇంటి పరిస్థితి రాసుకోండి. ఆదాయం ఎంత అని అడగొద్దు. కార్డు పోతుందన్న భయంతో ఎవరూ నిజం చెప్పరు, చెప్పినా కూలి ఆదాయం నెలనెలా మారిపోతుంది. కంటికి కనిపించేవే చూడండి: ఇంటి కప్పు ఏమిటి, సొంత భూమి ఉందా, మరుగుదొడ్డి వాడుకుంటున్నారా, బండో ఫ్రిజ్జో ఉందా, నెలనెలా డబ్బు పంపేవాళ్లు ఉన్నారా, ఈ వయసులోనూ కూలికి వెళ్లాల్సి వస్తోందా. లేనిదానికి ఒక్కో మార్కు, కూలికి వెళ్తే ఇంకో మార్కు. మార్కుల వరుసలో పెట్టి ఊళ్లో పెద్దవాళ్లను మూడు సమాన గుంపులు చేయండి: తక్కువ మార్కులు వచ్చిన కలిగినవాళ్లు పై గుంపు, ఎక్కువ మార్కులు వచ్చిన పేదవాళ్లు కింది గుంపు. ఈ గుంపుల లెక్క చివర్లో అక్కరకొస్తుంది. వాళ్ల ముందు మార్కులు వేయొద్దు, గుంపు పేరు పైకి చదవొద్దు.

ఇంకో రెండు ప్రశ్నలు తప్పకుండా అడగండి. పెన్షన్ డబ్బు ఎవరి చేతిలో ఉంటుంది? ఆసుపత్రికి వెళ్లాల్సి వస్తే తోడు ఎవరు? ఒక మనిషి మందు మానేస్తారా లేదా అన్నది ఈ రెండు జవాబులే చాలావరకు తేల్చేస్తాయి.

బీపీ: చేతి పట్టీ దగ్గరే తప్పు మొదలవుతుంది

మణికట్టుకు పెట్టే మిషను వద్దు, మోచేతి పైన చుట్టేదే కొనండి. మామూలుగా దానితో వచ్చే పట్టీ 22 నుంచి 32 సెంటీమీటర్ల చుట్టుకొలత ఉన్న చేతికి సరిపోతుంది. మన ఊళ్లలో తిండి చాలని మామ్మల చేతులు చాలాచోట్ల 22 కంటే సన్నగా ఉంటాయి. సన్నటి చేతికి పెద్ద పట్టీ చుడితే బీపీ ఉన్నదానికన్నా తక్కువ చూపిస్తుంది. అంటే బీపీ ఉన్న బక్కపలచని మనిషి "బాగానే ఉంది" అన్న మాటతో ఇంటికి పోతుంది. కాబట్టి ముందు టేపుతో భుజానికి, మోచేతికి నడిమధ్య కొలవండి. చిన్న సైజు పట్టీ ఒకటి విడిగా కొని పెట్టుకోండి. లావు చేతికి చిన్న పట్టీ చుడితే దీనికి తిరగబడి ఎక్కువ చూపిస్తుంది.

కొలిచేముందు అరగంట వరకు చుట్ట, టీ, కాఫీ లేకుండా చూడండి. ఒంటికి వెళ్లొచ్చాక, వీపుకు ఆనుడు ఉన్న కుర్చీలో 5 నిమిషాలు ఊరికే కూర్చోబెట్టండి. పాదాలు రెండూ నేలకు ఆనాలి, కాలు మీద కాలు వద్దు. చేయి గుండె ఎత్తులో బల్ల మీదో, మడతపెట్టిన దుప్పటి మీదో పెట్టాలి. చేయి కిందికి వేలాడితే లెక్క ఎక్కువ వస్తుంది. రవిక చేతుల మీద నుంచి చుట్టొద్దు. మిషను నడుస్తున్నంతసేపు వాళ్లూ మాట్లాడకూడదు, మీరూ పలకరించకూడదు. ఇక్కడే ఎక్కువమంది తప్పుతారు. పెద్దవాళ్లు కనిపిస్తే మంచీచెడ్డా మాట్లాడకుండా ఉండలేం. ఆ మాటలు ముందే కానిచ్చేయండి. నిమిషం తేడాతో రెండుసార్లు కొలిచి రెండూ రాసుకోండి.

140/90 గాని, అంతకు పైన గాని వస్తే మరో రోజు మళ్లీ కొలవాలి. రెండో రోజూ అలాగే ఉంటే ఊరి హెల్త్ క్లినిక్‌కి పంపాలి. 180/110 దాటితే ఆ రోజే పీహెచ్‌సీకి. బీపీ ఎంత ఉన్నా, మూతి వంకర పోవడం, ఒక పక్క చేయి కాలు పడిపోవడం, మాట ముద్దగా రావడం, ఛాతీనొప్పి ఏది ఉన్నా క్లినిక్కులు తిప్పకుండా 108కి ఫోన్ చేయండి. పక్షవాతానికి రక్తపు గడ్డ కరిగించే ఇంజెక్షను లక్షణాలు మొదలైన నాలుగున్నర గంటల లోపే పనిచేస్తుంది. "రేపు పొద్దున్న చూద్దాం" అనే మాటకు ఇక్కడ తావులేదు. లక్షణం ఎన్ని గంటలకు మొదలైందో కాగితం మీద రాసి అంబులెన్సులో ఇవ్వండి.

బీపీ మందు వాడుతూ కళ్లు తిరుగుతున్నాయనేవాళ్లకు ఇంకో కొలత ఉంది. కూర్చోబెట్టి కొలిచాక లేచి నిలబడమని, 1 నిమిషానికీ 3 నిమిషాలకూ మళ్లీ కొలవండి. పై అంకె 20 గాని, కింది అంకె 10 గాని పడిపోతే మందు మోతాదు గురించి డాక్టరుతో మాట్లాడాలి. వేసవిలో ఎండలో పని చేసి నీళ్లు తక్కువ తాగేవాళ్లలో ఇది తరచుగా కనిపిస్తుంది. పెద్దవాళ్లు పడి తుంటి ఎముక విరగ్గొట్టుకోవడం కొన్నిసార్లు ఇందువల్లే.

సుగర్, కిడ్నీ

వేలికి పొడిచే పని ఏఎన్‌ఎం గాని, హెల్త్ క్లినిక్ నర్సు గాని చేయాలి. మీరు మనుషుల్ని పోగుచేయండి, చేతులు కడిగించండి. సబ్బుతో కడగకుండా చూస్తే, బెల్లమో మామిడిపండో తిన్న వేళ్ల మీద లేని సుగర్ కనిపిస్తుంది. మనిషికో కొత్త సూది, వాడినవి గట్టి డబ్బాలోకి. స్ట్రిప్పుల సీసా మూత తీసి వదిలేయొద్దు. సముద్రపు గాలి తగిలే ఊళ్లలో స్ట్రిప్పులు త్వరగా చెమ్మగిల్లి తప్పు చూపిస్తాయి. ఏ వేళలో చూసినా 140 దాటితే ప్రభుత్వ కార్యక్రమం లెక్కలో పైపరీక్షకు పంపాలి. పరగడుపున 126 గాని అంతకు మించి గాని రెండుసార్లు వస్తే సుగరే.

జీడిపిక్కలు కొట్టేవాళ్ల వేళ్ల సంగతి వేరే చెప్పాలి. జీడిగింజ నూనె చర్మాన్ని కాల్చేస్తుంది. పలాస, కాశీబుగ్గ చుట్టుపక్కల ఏళ్ల తరబడి ఆ పని చేసినవాళ్ల వేళ్ల కొనలు నల్లగా, మొద్దుబారి, గీతలు అరిగిపోయి ఉంటాయి. వాళ్లకు వేలికొస మీద కాకుండా పక్కన పొడవాలి. వీళ్లకే వేలిముద్ర కూడా పడదు. ఈ సంగతికి కింద మళ్లీ వస్తాను.

ఉద్దానంలో, అంటే కవిటి, సోంపేట, కంచిలి, మందస, వజ్రపుకొత్తూరు, పలాస, ఇచ్ఛాపురం వైపు, సుగర్ బీపీలతో పనిలేకుండానే కిడ్నీలు పాడవుతున్నాయి. కారణం ఇంతవరకు ఖాయంగా తేలలేదు. ఈ జబ్బులో మూత్రంలో ప్రోటీను పెద్దగా పోదు. కాబట్టి మూత్ర పరీక్ష బాగుందని నిశ్చింతగా ఉండొద్దు, రక్తంలో క్రియాటినిన్ (కిడ్నీ వడకట్టి బయటికి పంపాల్సిన వ్యర్థం) చూడాల్సిందే. ఆ అంకెను వయసుతో, ఆడో మగో అన్నదానితో కలిపి చదవాలి. 1.4 అని వస్తే "కొంచెమే ఎక్కువ" అని చాలామంది కొట్టిపారేస్తారు. 65 ఏళ్ల ఆడమనిషికి 1.4 అంటే కిడ్నీ వడపోత 42 దగ్గరకు పడిపోయినట్టు. అదే వయసు మగమనిషికి 56 దగ్గర. 60 కంటే తక్కువ మూడు నెలల పాటు ఉంటే అది దీర్ఘకాల కిడ్నీ జబ్బు. రిపోర్టు మీద ఈ వడపోత అంకె (ఈజీఎఫ్ఆర్) లేకపోతే డాక్టరును అడిగి రాయించుకోండి.

కిడ్నీకి మనం చేజేతులా చేసే చేటు నొప్పి మాత్రలు, నొప్పి ఇంజెక్షన్లు. రోజంతా ఎండలో వంగి పనిచేసి, నీళ్లు చాలక, సాయంత్రం మోకాళ్ల నొప్పికి డైక్లోఫెనాక్ సూది వేయించుకోవడం ముసలి కిడ్నీకి పెద్ద దెబ్బ. పేదవాళ్లకు ఇది ఎందుకు అలవాటవుతుందంటే ఒక్క సూదితో రేపటి కూలి దక్కుతుంది. అందుకే "వద్దు" అని ఊరుకుంటే ఎవరూ వినరు. దాని బదులు పారాసిటమాల్ 500 మిల్లీగ్రాముల మాత్ర ఎన్ని, ఎప్పుడు వేసుకోవాలో నర్సు చేత రాయించి ఇవ్వండి. వేడి కాపడం, కుర్చీలో కూర్చుని మోకాలు చాచి ముడిచే వ్యాయామం చూపించండి. ఊళ్లో సూదులు వేసే ఆర్‌ఎంపీని కూడా కూర్చోబెట్టి, కిడ్నీ తగ్గినవాళ్ల పేర్లు చెప్పి, వాళ్లకు ఆ సూది వేయొద్దని అడగండి. అతన్ని దూరం పెట్టడం కన్నా కలుపుకోవడమే పని చేస్తుంది.

నోరు, కన్ను, దగ్గు

ఉత్తరాంధ్రలో చుట్ట నిప్పు వైపు నోట్లోకి పెట్టుకుని అడ్డపొగ తాగే పెద్దావిడలు ఇంకా ఉన్నారు. ఆ నిప్పు వేడి నేరుగా అంగిలికి తగులుతుంది. మామూలుగా అరుదైన అంగిలి క్యాన్సర్ శ్రీకాకుళం ప్రాంతంలో ఎక్కువగా కనిపించడానికి ఇదే కారణమని దశాబ్దాల కిందటే తేలింది. తల వెనక్కి వాల్చమని టార్చిలైటుతో అంగిలి చూడండి. తుడిచినా పోని తెల్లమచ్చ, ఎర్రటి మచ్చ, గడ్డ, రెండు వారాలు దాటినా మానని పుండు ఉంటే నొప్పి లేకపోయినా పంపాలి. తొలిదశలో నొప్పి ఉండదు కాబట్టే వాళ్లు రారు.

కంటికి: ఒక కన్ను మూసి 6 మీటర్ల దూరం నుంచి వేళ్లు లెక్కపెట్టమనండి, తర్వాత రెండో కన్ను. తప్పితే శుక్లం అయ్యుండొచ్చు, ఆపరేషను ఉచితంగానే చేస్తారు. రెండు కళ్లూ తెరిచి అడిగితే ఒక కన్ను పోయిన సంగతే తెలియదు. దగ్గు రెండు వారాలు దాటితే తెమడ పరీక్ష. టీబీ తేలితే చికిత్స సాగినంతకాలం తిండికి నెలకు 1,000 రూపాయలు బ్యాంకు ఖాతాలో పడతాయి. కట్టెల పొయ్యి దగ్గర బతుకంతా గడిపిన ఆడవాళ్ల ఆయాసాన్ని "వయసు" అని వదిలేయకుండా అదే రోజు డాక్టరుకు చూపించండి.

మందు ఎక్కడ తెగుతుంది

జబ్బు పట్టుకోవడం సులువే, ఏడాదంతా మందు తెగకుండా చూడటం కష్టం. పేదింట్లో అది తెగే చోట్లు దాదాపు ఎప్పుడూ ఇవే.

నెలమందు అయిపోయాక మళ్లీ తెచ్చుకోవడానికి ఒక రోజు కూలి పోతుంది. పరిష్కారం: 30 రోజుల మందు ఇచ్చిన తేదీ ఒక పుస్తకంలో రాసి, 25వ రోజున గుర్తుచేయండి. పదిమంది మందు ఒకే మనిషి తెచ్చేలా క్లినిక్ నర్సుతో మాట్లాడుకోండి. ఊరికి 104 బండి వచ్చే రోజుకు ఈ తేదీలు కలిసేలా చూస్తే ఇంకా మంచిది. పట్నం వెళ్లాల్సివస్తే ఆడవాళ్లకు 2025 ఆగస్టు 15 నుంచి పల్లెవెలుగు, ఎక్స్‌ప్రెస్ బస్సులు ఉచితం, ఆధార్ వెంట ఉండాలి. తాతకు టికెట్టు తప్పదు కాబట్టి దారిఖర్చు ఆయనకు ముందే చూడాలి.

"బీపీ తగ్గిపోనాది, మానీసినాను" అనేమాట ప్రతి ఊళ్లో వింటారు. మందు వేస్తున్నందువల్లే తగ్గిందని ఒకసారి చెబితే సరిపోదు. మానేసిన రెండు మూడు వారాలకు మళ్లీ కొలిచి అంకె చూపించండి. అప్పుడు నమ్ముతారు.

ఒకే చీటీ మాత్రలు మొగుడూ పెళ్లాం పంచుకుంటారు. ఖాళీ షీట్లు పారేయకుండా దాచమనండి. నెలాఖరుకు లెక్కపెడితే ఎన్ని వేశారో తెలుస్తుంది. తిట్టొద్దు, తిడితే వచ్చే నెల ఖాళీ షీట్లే ఎక్కువ కనిపిస్తాయి, మాత్రలు మాత్రం పెరట్లో ఉంటాయి.

అన్నిటికన్నా ప్రమాదం సుగర్ మందుది. గ్లిమిపిరైడ్, గ్లిబెన్‌క్లమైడ్ వేసుకుని తిండి మానేస్తే సుగర్ మరీ పడిపోయి మనిషి స్పృహ తప్పుతారు. కిడ్నీ బలహీనంగా ఉంటే ఇంకా తొందరగా. ఒంటరిగా ఉండి ఒక్కపూటే వండుకునే పెద్దావిడకు డాక్టరు ఈ మాత్ర రాసేముందు ఆమె ఎన్ని పూటలు తింటుందో ఎవరూ చెప్పరు. మీరు చెప్పండి, చీటీ వెనక రాసి పంపండి. చెమట, వణుకు, తికమక మాటలు కనిపిస్తే స్పృహ ఉన్నంతలో మూడు చెంచాల పంచదార నీళ్లలో కలిపి తాగించాలి. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకుండా 108 పిలవాలి. మెట్‌ఫార్మిన్ అనే సుగర్ మాత్రతో ఈ భయం తక్కువ, కడుపులో తేడా చేయకుండా తిన్నాక వేసుకోమనాలి. కిడ్నీ వడపోత 30 కంటే కిందికి పడితే మాత్రం అది వాడకూడదు. టెల్మీసార్టాన్ అనే బీపీ మాత్ర వేసుకునేవాళ్లకు వాంతులు, విరేచనాలు పట్టుకుంటే ఆ మాత్ర ఆపాలా అని అదే రోజు నర్సును అడగాలి.

తిండి గురించి చెప్పేటప్పుడు వాళ్ల కుండలో ఉన్నదాని గురించే చెప్పండి. పండ్లు, బాదం పప్పు జాబితా ఇచ్చి వెళ్లడం అవమానించడమే. రోజుకు ఉప్పు 5 గ్రాములు, ఒక చెంచా, దాటకూడదు. ఉప్పు ఎక్కువగా వచ్చేది ఎండుచేప, ఆవకాయ, తరవాణి, చద్దన్నంలో నంజుకునేవాటి నుంచి. ఎండుచేపను నీళ్లలో నానబెట్టి, ఆ నీళ్లు పారబోసి వండమనండి. చోడి (రాగి) అంబలిలో ఉప్పు బదులు మజ్జిగ, ఉల్లిపాయ. సోడియం తక్కువ ఉప్పు పేరుతో అమ్మేవాటిలో పొటాషియం ఉంటుంది, కిడ్నీ జబ్బు ఉన్నవాళ్లకు అది వద్దు.

కాగితాలు

డెబ్బై నిండిన ప్రతి ఒక్కరికీ, ఆస్తి అంతస్తులతో పనిలేకుండా, ఆయుష్మాన్ వయ వందన కార్డు వస్తుంది. 2024 అక్టోబరు 29న మొదలైంది, ఏడాదికి 5 లక్షల రూపాయల వరకు ఆసుపత్రిలో చేరి చేయించుకునే వైద్యానికి. ఓపీ మందులకు ఇది పనిచేయదు. ఈ సంగతి ముందే చెప్పకపోతే "కార్డు ఉంది కదా" అని నెలమందు ఆపేస్తారు. వయసు ఆధార్ నుంచే తీసుకుంటారు. అది తప్పుగా ఉంటే కార్డుకు పెట్టకముందే సరిచేయించండి. వేలిముద్ర పడని జీడి కార్మికులకు కంటిపాప, ముఖం, ఫోన్ ఓటీపీ దారులు ఉన్నాయి. ఓటీపీకి కొడుకు నంబరు కాకుండా వాళ్ల దగ్గరే ఉండే ఫోన్ నంబరు ఆధార్‌కు కలిపించండి.

వృద్ధాప్య పెన్షన్ 2024 జులై నుంచి నెలకు 4,000, డయాలసిస్‌లో ఉన్నవాళ్లకు 10,000 రూపాయలు. పక్షవాతంతో కాలూచేయీ పడిపోయినవాళ్లకు సదరం (వైకల్య) ధ్రువపత్రం తెప్పిస్తే దివ్యాంగుల పెన్షన్‌కు దారి ఉంటుంది. ఆసుపత్రికి చేరగానే ఉచిత వైద్య పథకం ఎన్టీఆర్ వైద్యసేవ తరఫున కూర్చునే 'మిత్ర' ఉద్యోగి బల్ల దగ్గరకు వెళ్లాలి. డబ్బు కట్టేసిన తర్వాత వెళ్తే అది తిరిగి రావడం కష్టం. పెద్దవాళ్ల మీద చేయిచేసుకోవడం, పెన్షన్ లాక్కోవడం లాంటివి కనిపిస్తే ఎల్డర్‌లైన్ 14567కి ఫోన్ చేయండి.

లెక్క తీయడం

ఆరు నెలలకోసారి పేర్లు లేకుండా ఒక్క కాగితం మీద మూడు గుంపులకూ నాలుగు అంకెలు రాయండి: కొలిస్తే బీపీ ఉన్నవాళ్లు ఎందరు, వాళ్లలో ముందే తెలిసినవాళ్లు, మందు వేస్తున్నవాళ్లు, 140/90 లోపు ఉన్నవాళ్లు. లెక్క అర్థం కావడానికి ఊహించి చెబుతున్నాం: ముప్పై మంది ఉన్న పై గుంపులో 16 మందికి బీపీ ఉండి 13 మందికి తెలిసి ఉందనుకోండి. కింది గుంపులో 15 మందికి ఉండి ఐదుగురికే తెలిసి ఉందనుకోండి. అడిగి ఊరుకుంటే 13కి 5. కొలిస్తే 16కి 15. కింది గుంపులో జబ్బు ఉండీ తెలియని ఆ పది మందే మీ ఊరి పని. ఇక తెలిసి కూడా మందు వేయనివాళ్లు కింది గుంపులో ఎక్కువుంటే మందు దొరికే దూరం చూడాలి. మందు వేస్తున్నా అదుపు కానివాళ్లు ఎక్కువుంటే మోతాదు పెంచమని డాక్టరును అడగాలి. రెంటికీ పరిష్కారం వేరు.

ఆ కాగితాన్ని గ్రామసభలో చదివించండి, పీహెచ్‌సీ డాక్టరుకు ఒక ప్రతి ఇవ్వండి. "మందులు సరిగా ఇవ్వడం లేదు" అని కాకుండా "కింది గుంపులో 10 మందికి ఈ రోజే మొదలుపెట్టాలి, నెలకు బీపీ మాత్ర ఆమ్లోడిపిన్ 5 మిల్లీగ్రాములవి 300 మాత్రలు అదనంగా కావాలి" అని అడగండి. అలా అంకెతో అడిగితే ఇండెంటులో (మందులు తెప్పించే జాబితాలో) రాసుకుంటారు.